సెకండియర్ కాలిక్యులస్: శ్రేణులు, పోలార్, వెక్టర్లు – ఫార్ములా వచ్చినా లెక్క ఎందుకు తప్పుతోంది?

ఎంవీపీ_సెకండియర్
అందరికీ నమస్కారం. సెకండియర్ గణితంలో మూడు యూనిట్లు మిగిలాయి: అనంత శ్రేణులు, పోలార్ నిరూపకాలు, వెక్టర్లు. పరీక్షకి 6 వారాలుంది, రోజుకి 2 గంటలు పెట్టగలను. ఇంటిగ్రేషన్ పరవాలేదు, ఫార్ములాలు నోటికే వచ్చు. ఆగిపోతున్నది మూడు చోట్ల. శ్రేణి చూడగానే ఏ టెస్టు వాడాలో తేలట్లేదు. పోలార్‌లో వైశాల్యం కడితే జవాబు రెట్టింపు వస్తోంది. క్రాస్ ప్రొడక్టులో ప్లస్-మైనస్ గుర్తు మారిపోతోంది. ఏది ముందు చదవాలి, ఎలా చదవాలి? ఇక్కడ గుర్తులు సరిగ్గా పడట్లేదు కాబట్టి ఎన్, ఆర్, తీటా అని అక్షరాల్లోనే రాద్దాం.

మద్దిలపాలెం_మేష్టారు
బాబూ, ముందు వరస చెప్తాను. మొదటి వారం వెక్టర్లు. ఇంటర్ 1ఏలో సగం చూసినవే, ఇంటిగ్రేషన్ అక్కర్లేదు, తొందరగా చేతికొస్తాయి. తర్వాత రెండు వారాలు పోలార్. చివరి మూడు వారాలు శ్రేణులకి. కానీ శ్రేణుల్ని చివరిదాకా ముట్టుకోకుండా ఉంచకు. మొదటి రోజు నుంచీ రోజూ ఓ 20 నిమిషాలు వాటికివ్వు. టెస్టు ఎంచుకోవడం అనేది ఒక్క వారంలో కూర్చుని నేర్చుకునేది కాదు, వందసార్లు చూస్తే అలవడేది.

ఈ మూడు యూనిట్లలోనూ మార్కులు పోయేది ఫార్ములా దగ్గర కాదు, ఫార్ములా రాయకముందు. శ్రేణిలో "ఈ టెస్టుకి కావలసిన షరతు ఇక్కడ ఉందా?", పోలార్‌లో "ఈ గీత ఎక్కడ మొదలై ఎక్కడ పూర్తవుతోంది?", వెక్టర్‌లో "ఈ కోణం దేన్నుంచి కొలిచారు?". ఈ ప్రశ్నకి జవాబు ఒక్క ముక్కలో రాసుకున్నాకే లెక్కలోకి దిగాలి.

శ్రేణుల్లో మొట్టమొదటి పొరపాటు అనుక్రమాన్నీ శ్రేణినీ కలిపేయడం. 1/ఎన్ అనే పదం సున్నాకి పోతుంది, అది అనుక్రమం సంగతి. 1 + 1/2 + 1/3 + ... అని కూడుతూ పోతే ఆ మొత్తం ఏ హద్దులోనూ ఆగదు, ఇది శ్రేణి సంగతి. రుజువు చిన్నదే: 1/3 + 1/4 కలిపితే సగం దాటుతుంది, 1/5 నుంచి 1/8 వరకు కలిపినా సగం దాటుతుంది, 1/9 నుంచి 1/16 వరకు మళ్లీ సగం. ఇలా సగాలు ఎన్నైనా దొరుకుతూనే ఉంటాయి. 14వ శతాబ్దంలో ఫ్రాన్సులో నికోల్ ఒరేమ్ చూపించిన దారి ఇదే. పెరగడం మాత్రం నత్తనడక: మొత్తం 5 దాటడానికి 83 పదాలు, 10 దాటడానికి 12,367 పదాలు కావాలి. అందుకే కాలిక్యులేటర్ మీద 50 పదాలు కూడి "ఆగిపోయింది" అనుకుంటే మోసపోతాం.

సింహాచలం_సంపెంగ
మేష్టారు చెప్పిన ఆ 20 నిమిషాలు ఎలా వాడాలో నేను చెప్తాను తమ్ముడూ. 20 శ్రేణులు చిన్న చీటీల మీద రాసుకో. ఒక్కటి కూడా సాధించొద్దు. చీటీ తీసి, టెస్టు పేరు, "ఎందుకు" అన్నది నాలుగు మాటల్లో రాసి పక్కన పెట్టు. చీటీకి 30 సెకన్లు మించకూడదు. ఆకారం చూసే వరస ఇదీ:

ముందు ఎన్-వ పదం సున్నాకి పోతోందా? పోకపోతే అక్కడితో అయిపోయింది, డైవర్జ్ (మొత్తం ఒక విలువ దగ్గర ఆగదు). (ఎన్/(ఎన్+1))^ఎన్ చూడగానే చాలామంది "లోపలున్నది 1కి పోతుంది, కాబట్టి 1" అంటారు. కాదు, అది 1/ఇ కి పోతుంది. ఎలాగూ సున్నా కాదు కాబట్టి డైవర్జ్ అన్న తీర్పు మారదు గానీ, ఇదే పదం రేషియో టెస్టు (పక్కపక్క పదాల నిష్పత్తి చూసేది) మధ్యలో వచ్చినప్పుడు 1 అని రాస్తే జవాబే పోతుంది. ఎన్ ఫాక్టోరియల్ / ఎన్^ఎన్ తీసుకో: రేషియో సరిగ్గా ఇదే పదం అవుతుంది. 1/ఇ, అంటే దాదాపు 0.368, 1 కంటే తక్కువ, కన్వర్జ్ (మొత్తం ఒక విలువ దగ్గర ఆగుతుంది). 1 అని రాస్తే "తేలలేదు" అని ఆగిపోతావు.

పదం సున్నాకి పోతే: ఫాక్టోరియల్ గానీ 3^ఎన్ లాంటిది గానీ ఉంటే రేషియో టెస్టు. మొత్తం పదం ఎన్-వ ఘాతంలో ఉంటే రూట్ టెస్టు. పైనా కిందా ఎన్ ఘాతాలు మాత్రమే ఉంటే లిమిట్ కంపారిజన్, పైన పెద్ద ఘాతం, కింద పెద్ద ఘాతం మాత్రమే ఉంచి మిగతావి వదిలెయ్. (2ఎన్+1)/(ఎన్³+5) అంటే 1/ఎన్² తో పోల్చు, నిష్పత్తి లిమిట్ 2, కన్వర్జ్. లాగ్ ఉంటే ఇంటిగ్రల్ టెస్టు. 1/(ఎన్ లాగ్ ఎన్) డైవర్జ్, 1/(ఎన్ (లాగ్ ఎన్)²) కన్వర్జ్, ఈ జంట గుర్తుంచుకో. ప్లస్-మైనస్ గుర్తు మారుతూ ఉంటే ముందు మాడ్యులస్ పెట్టి చూడు. అలా కన్వర్జ్ అయితే అబ్సల్యూట్‌గా అయినట్టే. కాకపోతేనే ఆల్టర్నేటింగ్ టెస్టు.

ఆల్టర్నేటింగ్ టెస్టుకి షరతులు రెండు. పదాల పరిమాణం సున్నాకి పోవాలి, తగ్గుతూ పోవాలి. రెండోదాన్ని పేపర్లో ఎవరూ రాయరు, అక్కడే ఒక మార్కు కోత. అది ఊరికే పెట్టిన షరతు కాదు. (−1)^ఎన్ × (1/√ఎన్ + (−1)^ఎన్/ఎన్) చూడు. బ్రాకెట్‌లోది ఎప్పుడూ రుణం కాదు, సున్నాకే పోతుంది. అయినా విడదీస్తే ఒక ముక్క (−1)^ఎన్/√ఎన్, ఇది కన్వర్జ్. రెండో ముక్క 1/ఎన్, ఇది డైవర్జ్. మొత్తం డైవర్జ్. బ్రాకెట్‌లోది ఒకసారి పెరుగుతూ ఒకసారి తగ్గుతూ ఉండటమే కారణం.

ఎంవీపీ_సెకండియర్
అక్కా, చీటీల పద్ధతి మొదలుపెడతాను. ఒక సందేహం. 1/ఎన్² కీ, 1/ఎన్ కీ రెండింటికీ రేషియో టెస్టు 1 ఇస్తోంది. ఒకటి కన్వర్జ్, ఇంకోటి డైవర్జ్ కదా. టెస్టు చేయడంలో తప్పా?

మద్దిలపాలెం_మేష్టారు
తప్పేం లేదు. రేషియో టెస్టు నీ శ్రేణిని గుణశ్రేఢితో పోలుస్తుంది. పక్కపక్క పదాల నిష్పత్తి చివరికి 0.9 దగ్గర స్థిరపడితే, అది 0.95 నిష్పత్తి ఉన్న గుణశ్రేఢి కింద ఇమిడిపోతుంది కాబట్టి మొత్తం ఆగుతుంది. ఎన్ ఘాతాలతో తయారైన పదాలు గుణశ్రేఢి కంటే చాలా నెమ్మదిగా తగ్గుతాయి, అంచేత నిష్పత్తి ఎప్పుడూ 1 దగ్గరికే పోతుంది. ఆ పరికరంతో వాటిని తూచలేం. పైనా కిందా ఎన్ ఘాతాలే ఉంటే రేషియో మొదలుపెట్టడమే దండగ, పేజీ ఖర్చు.

ఇంకో ఉచ్చు. 1/ఎన్^పి లో పి 1 కంటే ఎక్కువైతే కన్వర్జ్ అని అందరికీ వచ్చు. మరి 1/ఎన్^(1 + 1/ఎన్)? ఘాతం ఎప్పుడూ 1 కంటే ఎక్కువే. అయినా డైవర్జ్. ఎందుకంటే పి స్థిరసంఖ్య అయితేనే ఆ నియమం. ఇక్కడ ఎన్^(1/ఎన్) అనేది 1కి పోతుంది, 1/ఎన్ తో లిమిట్ కంపారిజన్ చేస్తే నిష్పత్తి 1. 1/ఎన్ శ్రేణి (హార్మోనిక్ శ్రేణి) డైవర్జ్ కాబట్టి ఇదీ డైవర్జ్. పి-టెస్టు అని రాసే ముందు "పి లో ఎన్ ఉందా?" అని చూసుకో.

భీమిలి_అల
పవర్ సిరీస్ (ఎక్స్ ఘాతాలతో ఉండే శ్రేణి) ఎవరూ ఎత్తలేదు. ఎక్కువ మార్కుల ప్రశ్న చాలాసార్లు అక్కడే వస్తుంది.

(ఎక్స్−3)^ఎన్ / (ఎన్ × 2^ఎన్) తీసుకుందాం. రేషియో చేస్తే |ఎక్స్−3|/2 వస్తుంది. ఇది 1 కంటే తక్కువ అవ్వాలి కాబట్టి ఎక్స్ 1కి 5కి మధ్య. వ్యాసార్ధం 2. ఇక్కడ చాలామంది గీత గీసి ముగించేస్తారు. చివరలు రెండూ విడిగా చూడాలి. మళ్లీ రేషియోతో కాదు, చివరల్లో రేషియో ఎప్పుడూ 1 ఇస్తుంది, ఆ చివరలు దొరికిందే నిష్పత్తి 1 అని పెట్టడం వల్ల. ఎక్స్=5 పెట్టు: 1/ఎన్, డైవర్జ్. ఎక్స్=1 పెట్టు: (−1)^ఎన్/ఎన్, ఆల్టర్నేటింగ్, కన్వర్జ్. జవాబు: 1 కలుపుకుని, 5 వదిలి.

టేలర్ శ్రేణిలో పాయింటు, "ఎన్ని పదాలు చాలు?" సైన్ 0.5 కి మూడు పదాలు: 0.5 − 0.0208333 + 0.0002604 = 0.4794271. వదిలేసిన మొదటి పదం 0.5^7/5040, అంటే దాదాపు 0.0000016. తప్పు అంతకు మించదు. అసలు విలువ 0.4794255, సరిపోయింది. ఇక్కడ 0.5 అంటే రేడియన్లు. 30 డిగ్రీల సైన్ కావాలంటే 0.5236 పెట్టాలి. 30 పెడితే ఒక్కో పదం విలువ వేలు, లక్షలు దాటిపోతుంది. కాలిక్యులేటర్ డిగ్రీ మోడ్‌లో ఉంచి సరిచూసుకున్నా ఇదే గొడవ.

కన్వర్జ్ అవ్వడం వేరు, పనికొచ్చే వేగంతో అవ్వడం వేరు. 1 − 1/2 + 1/3 − ... లాగ్ 2 కి పోతుంది, అంటే 0.6931. కానీ తప్పు 0.005 లోపు ఉందని ఆ హద్దు సూత్రంతో హామీ ఇవ్వాలంటే దాదాపు 200 పదాలు కూడాలి. అదే 1/ఎన్ ఫాక్టోరియల్ మొత్తం చూడు: సున్నా నుంచి 6 దాకా ఏడు పదాలకే 2.71806, ఇ విలువ 2.71828.

ఈ సందర్భంలో మన కేరళ గణితం చెప్పుకోవాలి. పై/4 = 1 − 1/3 + 1/5 − ... ని 14వ శతాబ్దంలో సంగమగ్రామ మాధవుడి సంప్రదాయం కనుక్కుంది, యూరప్‌లో లైబ్నిట్జ్ 1670ల్లో చేరాడు. ఆ శ్రేణి భయంకరమైన నిదానం. 10 పదాలు కూడి 4తో గుణిస్తే 3.0418. మాధవుడి వాళ్లు అక్కడ ఆగలేదు, చివర ఒక సవరణ పదం చేర్చారు: ఎన్/(4ఎన్²+1), ప్లస్-మైనస్ గుర్తు తర్వాతి పదానిది. ఎన్=10 కి అది 10/401. కలిపి 4తో గుణిస్తే 3.14159. అవే 10 పదాలు, ఐదు దశాంశాలు సరి. ఆపిన చోట ఎంత మిగిలిందో అంచనా కట్టడం అంటే ఇదీ. దీన్ని ఒకసారి చేత్తో కూడి చూడండి, ఎర్రర్ టర్మ్ అంటే భయం పోతుంది.

డాల్ఫిన్‌నోస్
పోలార్‌కి వద్దాం. మన విశాఖలో ఉన్నవాళ్లకి పోలార్ నిరూపకాలు కొత్తవి కావు. కైలాసగిరి మీద వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ తెర మీద మబ్బుని చూపించేది దూరం, దిశలతోనే. హార్బర్‌లో ఓడ ఎక్కడుందో చెప్పేదీ అలాగే. కానీ ఆ పద్ధతి, పుస్తకంలో పద్ధతి ఒకటి కాదు, ఇది తెలియక కలిపేస్తే అన్నీ తిరగబడతాయి.

సముద్రం మీద బేరింగ్, అంటే దిశ చెప్పే కోణం, ఉత్తరం నుంచి మొదలై గడియారం ముల్లు తిరిగే వైపు కొలుస్తారు. ఉత్తరం 000, తూర్పు 090, దక్షిణం 180. గణితంలో తీటా తూర్పు, అంటే ఎక్స్ అక్షం నుంచి మొదలై ముల్లుకి ఎదురుగా తిరుగుతుంది. మార్చే సూత్రం: తీటా = 90 − బేరింగ్, రుణం వస్తే 360 కలుపు. బేరింగ్ 060 అంటే తీటా 30. బేరింగ్ 150 అంటే −60, అంటే 300. ఒక్కసారి బొమ్మ గీసి చూస్తే చాలు.

రెండోది, ఎక్స్, వై నుంచి తీటాకి మార్చేటప్పుడు. (−1, √3) బిందువుకి ఆర్ = 2. టాన్ విలోమం నొక్కితే కాలిక్యులేటర్ −60 అంటుంది. అది నాలుగో పాదం. బిందువు ఉన్నది రెండో పాదంలో. ఎక్స్ రుణమైతే 180 కలపాలి: 120. టాన్ విలోమానికి −90 నుంచి 90 దాకానే చూపు ఉంది, అవతలి సగం దానికి కనపడదు. బిందువు ఏ పాదంలో ఉందో ముందు రాసి తర్వాతే బటన్ నొక్కండి.

ఎంవీపీ_సెకండియర్
అన్నా, బేరింగ్ సంగతి బాగా అర్థమైంది. ఇప్పుడు నా అసలు చిక్కు. ఆర్ = కాస్ 3తీటా వైశాల్యం 0 నుంచి 2పై దాకా కట్టాను, పై/2 వచ్చింది. కీలో పై/4 ఉంది.

సింహాచలం_సంపెంగ
ఆ గీత 0 నుంచి పై లోపే మొత్తం పూర్తయిపోతుంది. పై నుంచి 2పై దాకా అదే గీతని మళ్లీ దిద్దుతుంది. నువ్వు పువ్వు రెండుసార్లు కొలిచావు.

ఆర్ రుణమైనప్పుడు బిందువు ఎదురు దిక్కున పడుతుంది, మూలం అదే. కాస్ 3తీటాలో రుణ విలువలతో పడ్డ రెక్కలు ధన రెక్కల మీదే కూర్చుంటాయి, అందుకే 3 రెక్కలు. కాస్ 2తీటాలో అవి ఖాళీ జాగాలో పడతాయి, అందుకే 4 రెక్కలు, అక్కడ 0 నుంచి 2పై సరైనదే, వైశాల్యం పై/2. ఆర్ = 2 కాస్ తీటా కూడా అంతే: వ్యాసార్ధం 1 ఉన్న వృత్తం, 0 నుంచి పై లోపు పూర్తి. 2పై దాకా పోతే వైశాల్యం 2పై అంటుంది, వృత్తం వైశాల్యం పై అని కళ్లముందే ఉన్నా.

ఖాయమైన దారి: ఒక్క రెక్క కట్టి రెక్కల సంఖ్యతో గుణించు. ఆర్ వరసగా రెండుసార్లు సున్నా అయ్యే కోణాలు తీసుకో. కాస్ 3తీటా సున్నా అయ్యేది −పై/6, పై/6. మధ్యలో ఒక రెక్క, వైశాల్యం పై/12. మూడు రెక్కలకి పై/4.

దీనికోసం ఒక పోలార్ షీటు ఇంట్లోనే గీసుకో. ఏ4 కాగితం మధ్యలో కంపాస్ పెట్టి 1 సెంటీమీటరు తేడాతో 8 వృత్తాలు, కోణమానితో 15 డిగ్రీలకొకటి చొప్పున 24 కిరణాలు. కిరణాల చివర డిగ్రీలు, పక్కన రేడియన్లు రాయి. పెన్నుతో గీసి ఓ 20 జిరాక్సులు తీయించు, దాని మీద పెన్సిల్‌తో గీతలు వెయ్యి. ఆర్ రుణం వచ్చిన బిందువులని వేరే రంగుతో పెట్టు. ఇలా ఓ పది గీతలు చేత్తో వేశాక జియోజెబ్రాలోనో డెస్మోస్‌లోనో పెట్టి సరిచూసుకో. ముందే యాప్‌లో చూస్తే పువ్వు కనిపిస్తుంది గానీ అది ఏ వరసలో గీయబడిందో తెలియదు. లిమిట్లు ఆ వరసలోనే ఉంటాయి.

భీమిలి_అల
రెండు గీతల మధ్య వైశాల్యానికి రెండు హెచ్చరికలు.

ఆర్ = 1 + కాస్ తీటా లోపల, ఆర్ = 1 బయట ఉన్న వైశాల్యం: సగం × (పెద్ద ఆర్² − చిన్న ఆర్²), −పై/2 నుంచి పై/2. జవాబు 2 + పై/4, దాదాపు 2.785. ఇక్కడ (పెద్దది − చిన్నది)² అని రాస్తే పై/4 మాత్రమే వస్తుంది. మామూలు ఎక్స్-వై వైశాల్యంలో "పైది తీసివేత కిందది" అన్న అలవాటు చేయించే తప్పిది. పోలార్‌లో ముక్కలు పట్టీలు కావు, కేంద్రం నుంచి వచ్చే సన్నటి త్రికోణాలు. పెద్ద త్రికోణంలోంచి చిన్న త్రికోణం తీసేయాలి.

రెండోది, ఖండన బిందువులు. 1 + కాస్ తీటా = 1 − కాస్ తీటా అని సాధిస్తే పై/2, 3పై/2 మాత్రమే వస్తాయి. కేంద్రం దగ్గర కూడా రెండూ కలుస్తాయి, సమీకరణం అది చెప్పదు. మొదటి గీత కేంద్రానికి తీటా = పై దగ్గర వస్తుంది, రెండోది తీటా = 0 దగ్గర. వచ్చే కోణాలు వేరు కాబట్టి "సమానం" అని పెడితే దొరకవు. ప్రతిసారీ రెండు ఆర్‌లనీ విడివిడిగా సున్నాకి పెట్టి చూడాలి. రెండిటికీ ఉమ్మడి వైశాల్యం 3పై/2 − 4, సుమారు 0.712. కుడి సగంలో చిన్నది 1 − కాస్ తీటా, దాన్ని 0 నుంచి పై/2 దాకా కట్టి నాలుగింతలు చేస్తే చాలు.

గోపాలపట్నం_గ్రాఫు
మధ్యలో వస్తున్నాను. కార్డియాయిడ్ (హృదయాకారపు గీత) ఆర్ = 1 + కాస్ తీటా మొత్తం పొడవు 0 నుంచి 2పై దాకా కడితే సున్నా వస్తోంది. √(ఆర్² + ఆర్ డాష్²) = √(2 + 2 కాస్ తీటా) = 2 కాస్ (తీటా/2), ఇంటిగ్రల్ 4 సైన్ (తీటా/2). లిమిట్లు పెడితే 0 − 0. ఎక్కడ తప్పు?

మద్దిలపాలెం_మేష్టారు
వర్గమూలం బయటికి వచ్చినప్పుడు మాడ్యులస్ పోయింది. √(4 కాస్²) అంటే 2 |కాస్|. తీటా పై దాటాక కాస్ (తీటా/2) రుణం, మొదటి సగం పొడవుని రెండో సగం కొట్టేసింది. 0 నుంచి పై దాకా కట్టి రెండింతలు చెయ్యి: 2 × 4 = 8. ఆర్ = ఏ(1 + కాస్ తీటా) అయితే 8ఏ. పొడవు సున్నా గానీ రుణం గానీ వస్తే మరో ఆలోచన లేకుండా మాడ్యులస్ దగ్గరికి వెళ్లు. ఈ గీతకే కాదు, ఎక్కడైనా.

స్పర్శరేఖ వాలు గురించి కూడా ఒక మాట. డీఆర్/డీతీటా వాలు కాదు. అది కేంద్రం నుంచి ఎంత దూరం జరుగుతున్నామో చెబుతుంది, అంతే. వాలు కావాలంటే ఎక్స్ = ఆర్ కాస్ తీటా, వై = ఆర్ సైన్ తీటా రెండూ విడిగా అవకలనం చేసి భాగించాలి.

డాల్ఫిన్‌నోస్
వెక్టర్లలో దిశ గొడవ ఇంకొకటి ఉంది. మన తెలుగులో "నైరుతి రుతుపవనాలు" అంటాం. అంటే నైరుతి నుంచి వచ్చే గాలి. వెక్టర్ గీస్తే బాణం ఈశాన్యం వైపు ఉండాలి. గాలికి పేరు వచ్చిన దిక్కుని బట్టి. సముద్ర ప్రవాహానికి మాత్రం పేరు పోయే దిక్కుని బట్టి. ప్రశ్నలో "నైరుతి గాలి" అనీ "ఈశాన్య ప్రవాహం" అనీ ఉంటే రెండు బాణాలూ ఒకే వైపు! ఇది పట్టుకోకపోతే మొత్తం లెక్క తిరగబడుతుంది.

లెక్క: ఓడ బేరింగ్ 060 మీద 10 నాట్లు (ఓడల వేగం కొలిచే ప్రమాణం), ప్రవాహం ఈశాన్యానికి, అంటే 045 మీద, 2 నాట్లు. తూర్పు భాగం 10 సైన్ 60 = 8.66, ఉత్తర భాగం 10 కాస్ 60 = 5. బేరింగ్‌లో తూర్పుకి సైన్, ఉత్తరానికి కాస్ వస్తాయి, గమనించండి. ప్రవాహం (1.41, 1.41). మొత్తం (10.07, 6.41). వేగం √142.6 = 11.9 నాట్లు, బేరింగ్ టాన్ విలోమం (10.07/6.41) = 57.5 డిగ్రీలు. పరిమాణాలు నేరుగా కూడి 12 అనడం తప్పు, కోణాల సగటు తీసి 52.5 అనడం ఇంకా తప్పు.

మద్దిలపాలెం_మేష్టారు
క్రాస్ ప్రొడక్టులో ప్లస్-మైనస్ గుర్తు. ఇదిగో ఒకటి పూర్తిగా చేస్తాను. పి (1, 0, 2), క్యూ (3, 1, 0), ఆర్ (0, 2, 1). ఈ మూడింటి గుండా పోయే తలం కావాలి.

పిక్యూ = (2, 1, −2). పిఆర్ = (−1, 2, −1). చివరి బిందువులోంచి మొదటిది తీసేయాలి, తిరగేయకు.
ఐ భాగం: 1×(−1) − (−2)×2 = 3.
జె భాగం: 2×(−1) − (−2)×(−1) = −4. దీనికి ముందు మైనస్ ఉంది, కాబట్టి +4. నీకు తప్పేది ఇక్కడే.
కె భాగం: 2×2 − 1×(−1) = 5.
జవాబు (3, 4, 5).

ఇప్పుడు సరిచూడటం, ఇది 10 సెకన్ల పని, ఎప్పుడూ వదలకు. (3, 4, 5) డాట్ పిక్యూ: 6 + 4 − 10 = 0. డాట్ పిఆర్: −3 + 8 − 5 = 0. రెండూ సున్నా, సరే. జె ముందు మైనస్ మర్చిపోయి (3, −4, 5) రాసి ఉంటే మొదటి డాట్ −8 వచ్చేది, వెంటనే దొరికిపోతుంది. తలం 3ఎక్స్ + 4వై + 5జెడ్ = 13. మూడు బిందువులూ పెట్టి చూడు, మూడింటికీ 13 వస్తుంది. త్రికోణ వైశాల్యం √50 లో సగం, 3.54. మూలబిందువు నుంచి దూరం 13/√50, 1.84.

ప్రొజెక్షన్‌కి కూడా ఇలాంటి సరిచూపు ఉంది. (2, 3) నీడ (4, 0) మీద: డాట్ 8, భాగించాల్సింది పొడవు వర్గంతో, 16 తో. 0.5 × (4, 0) = (2, 0). వర్గం మర్చిపోయి 4తో భాగిస్తే (8, 0). నీడ అసలు వెక్టర్ కంటే పొడవు అవ్వడం కుదరదు, (2, 3) పొడవు 3.6 మాత్రమే.

గోపాలపట్నం_గ్రాఫు
రెండు రేఖలు ఖండించుకుంటాయా అన్నదానిలో: (1+టి, 2+టి, 3టి), (టి, 1+టి, 5−టి). సమానం పెడితే 1 + టి = టి. కుదరదు, కాబట్టి కలవవు. సరేనా?

డాల్ఫిన్‌నోస్
సరికాదు. రెండింటికీ ఒకే టి వాడారు. టి అంటే సమయం అనుకోండి. హార్బర్ నోటి దగ్గర రెండు పడవల దారులు ఒకదాన్నొకటి దాటొచ్చు, పడవలు మాత్రం వేర్వేరు సమయాల్లో ఆ చోటికి రావొచ్చు. ప్రశ్న దారుల గురించి. రెండోదానికి ఎస్ పెట్టండి: 1 + టి = ఎస్, 3టి = 5 − ఎస్. టి = 1, ఎస్ = 2. రెండో నిరూపకంలో పెట్టి చూస్తే 3 = 3, సరిపోయింది. (2, 3, 3) దగ్గర కలుస్తాయి. రెండు సమీకరణాలతో సాధించి మూడోదాంట్లో సరిచూడటం తప్పనిసరి. మూడోది కుదరకపోతే కలవవు.

భీమిలి_అల
తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకి మాట సాయం: కన్వర్జ్ అంటే అభిసరణం, డైవర్జ్ అపసరణం, పోలార్ నిరూపకాలు ధ్రువ నిరూపకాలు, వెక్టర్ సదిశ, డాట్ ప్రొడక్టు అదిశా లబ్ధం, క్రాస్ ప్రొడక్టు సదిశా లబ్ధం. డాట్ జవాబు సంఖ్య, క్రాస్ జవాబు సదిశ. పేర్లలోనే జవాబు ఏ రకమో ఉంది, డాట్, క్రాస్ అన్న పేర్లలో అది లేదు.

ఎంవీపీ_సెకండియర్
మేష్టారూ, ఒకటి సొంతంగా చేశాను, చూడండి. (−1)^ఎన్ (ఎక్స్+1)^ఎన్ / (√ఎన్ × 3^ఎన్). రేషియో |ఎక్స్+1|/3. కేంద్రం −1, వ్యాసార్ధం 3. −4 నుంచి 2. ఇందాకటి లెక్కలాగే ఎడమ చివర కలిపి, కుడి చివర వదిలేశాను.

మద్దిలపాలెం_మేష్టారు
మధ్య భాగం అంతా సరే. చివరలు పెట్టి చూడకుండా ఇందాకటి లెక్క నుంచి అరువు తెచ్చావు. ఎక్స్ = 2 పెట్టు: 3^ఎన్ కొట్టుకుపోయి (−1)^ఎన్/√ఎన్ మిగులుతుంది. తగ్గుతూ సున్నాకి పోతుంది, కన్వర్జ్. ఎక్స్ = −4 పెట్టు: (−3)^ఎన్ లోంచి ఇంకో (−1)^ఎన్ వస్తుంది, రెండూ కలిసి 1 అవుతాయి, 1/√ఎన్ మిగులుతుంది. పి = 1/2, డైవర్జ్. ఈసారి ఎడమది వదిలి, కుడిది కలపాలి.

ఎంవీపీ_సెకండియర్
రెండు చివరలూ పెట్టి మళ్లీ చేశాను మేష్టారూ. −4 వదిలి, 2 కలిపి. ముందున్న (−1)^ఎన్ వల్ల చివరలు తారుమారయ్యాయి, ఇప్పుడు కనపడింది.